తడి మీద రంగు

పునాది తీసి మూడేళ్లు వదిలేసినా ఫరవాలేదు, తలుపులకి చెక్క కొనడానికి ఆర్నెల్లు తిరిగినా ఫరవాలేదు; రంగుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం మనవాళ్లకి ఎక్కడలేని తొందరా పుట్టుకొస్తుంది. గృహప్రవేశం ముహూర్తమో, చుట్టాల రాకో ముంచుకొస్తుంది. అంతే! మేస్త్రి తాపీ కడుక్కోకముందే పెయింటరు నిచ్చెన వేసేస్తాడు.

ఈ తొందర మిగతా గదుల్లో ఎలాగో చెల్లిపోతుందేమో గానీ, స్నానాలగది కప్పు దగ్గర చెల్లదు. ఈ మాట మా ఇంట్లో ఎవరూ వినిపించుకోలేదు కనక మీతో మొరపెట్టుకుంటున్నాను.

కిందటేడు మా స్నానాలగది స్లాబు కింద పెచ్చులూడుతూంటే, మొత్తం చెక్కించి కొత్తగా సిమెంటు ప్లాస్టరింగు చేయించాం. వారం రోజులు తడిపారు. ఎనిమిదో రోజున పెయింటరు దిగాడు.

"ఇంకా పచ్చిగా ఉంది కదయ్యా, నెల్లాళ్లు ఆగకూడదూ?" అన్నాను.

"ఏం కాదమ్మా. ఆయిల్ పెయింటు కొట్టేస్తే నీటిబొట్టు నిలవదు" అన్నాడు.

మావారు 'ఇవన్నీ నీకెందుకు' అన్నట్టు నాకేసి చూశారు. వరలక్ష్మీ వ్రతానికి ఆడపడుచులొస్తున్నారు, ఆలోగా కప్పు అద్దంలా మెరవాలిట. మెరిసింది. దీపావళి తలంట్ల నాటికి కప్పునిండా బొబ్బలు! మా చిన్నవాడికి కుంకుడురసం పోస్తూండగా అరచెయ్యంత పెచ్చు ఊడి బకెట్లో పడింది.

నీటిబొట్టు నిలవదన్న మాట నిజమే. బయటి బొట్టు లోపలికి పోదు. మరి లోపలున్న బొట్టు బయటికెలా వస్తుందండీ? వారం రోజులపాటు మనమే తాగించిన నీళ్లాయె! పైన స్లాబు, కింద ఆయిల్ పెయింటు, మధ్యన తడి. అది పొంగి రంగునే తోసేస్తుంది. పైగా కొత్త సిమెంటుకి క్షారగుణం ఎక్కువ. తడి తగిలితే ఆ క్షారం పెయింటులోని నూనెని సబ్బుగా మార్చేస్తుంది. స్నానాలగదిలో సబ్బు ఉండవలసిందే గానీ, కప్పుకి అంటుకుని కాదు కదా!

సిమెంటు పూత మీద రంగుకి 28 రోజులైనా ఆగమని లెక్క. వానాకాలమైతే ఇంకా ఎక్కువే పడుతుంది. ఆరిందో లేదో తెలుసుకోవడానికి ఇంజనీరు అక్కర్లేదు. మూరెడు పాలిథీన్ కవరు ముక్క కప్పుకి ఆనించి, నాలుగంచులూ టేపుతో అంటించి ఒక రోజు వదిలెయ్యండి. కవరుకి పైవైపున, అంటే పూతని ఆనుకున్న వైపున చెమ్మ పట్టిందా, రంగుడబ్బా మూత తీయనివ్వకండి. ఆరాక కూడా ముందు క్షారానికి తట్టుకునే ప్రైమరు, దానిమీద బూజు పట్టకుండా మందు కలిపి స్నానాలగదులకని అమ్మే ఎమల్షన్ రంగు. ఆయిల్ పెయింటు జోలికి పోనేవద్దు. ఎన్నాళ్లున్నా కవరు లోపల చెమ్మ తగ్గకపోతే, పైవాటా వాళ్ల స్నానాలగదో, డాబామీద నిలిచే నీళ్లో కారణమన్నమాట. ముందు అది బాగుచేయించాలి.

ఇంతా చేసి, రంగు తడిని ఆపుతుందనుకోవడమే అసలు భ్రమ. మా అమ్మమ్మగారింట్లో స్నానమంటే పెరట్లో తాటాకు దడి, పైన ఆకాశం. కప్పే లేదు, చెమ్మ మాటేమిటి? మళ్లీ దడి వెనక్కి పొమ్మని నేననను. చీకటితో లేచి వణుకుతూ నీళ్లు పోసుకున్న ఆవిడ కష్టం నాకు తెలుసు. కానీ మనకి గదులు కట్టినవాళ్లు గాలి మాట మరిచిపోయారు. నాలుగడుగుల వెడల్పు, జానెడు వెంటిలేటరు. ఎవరైనా చూస్తారేమోనని దానికీ కదలని గాజుపలక! పొద్దున్నే నలుగురు వరసగా వేడినీళ్లు పోసుకుంటే ఆ ఆవిరంతా ఎటు పోవాలి? అన్నం గిన్నె మూత తీసి చూడండి. కప్పు కిందా అదే జరుగుతుంది. ఆ చెమ్మ మీదే నల్లబూజు.

ఎగ్జాస్టు ఫ్యాను పెట్టించమంటే కరెంటు బిల్లు అంటారు మావారు. 40 వాట్ల ఫ్యాను, ఒక్కొక్క స్నానానికి పావుగంట చొప్పున నలుగురికీ కలిపి రోజుకి గంట తిరిగినా, నెలకి యూనిటుంబావు కాదు. 2000 వాట్ల గీజరుకి లేని లెక్క దీనికెందుకొచ్చిందో!

ఎందుకంటే, ఆ బూజు రుద్దేది ఆయన కాదు కనక. ముక్కుకి కొంగు కట్టుకుని, స్టూలెక్కి, బ్లీచింగు పౌడరు నీళ్లు పులిమి రుద్దేది నేను. (అమ్మాయిలూ, ఆ నీళ్లలో బాత్రూములు కడిగే యాసిడ్ మాత్రం పొరపాటున కూడా కలపకండి, ప్రాణాంతకమైన విషవాయువు వస్తుంది.) ఆ గదికి రంగేదో, కిటికీ ఎంతో నిర్ణయించేటప్పుడు పిలవనివాళ్లు, పెచ్చు ఊడగానే మాత్రం "చూసుకోవద్దూ?" అంటారు! అత్తయ్యగారికి అసలే ఆయాసం. బూజు పట్టిన గది ఆయాసమున్నవాళ్లకి పనికిరాదు. ఆవిడ దగ్గుతూ బయటికొచ్చిన ప్రతిసారీ, ఆడపడుచుల కోసం మెరిపించిన ఆ కప్పు మీద నాకు ఒళ్లు మండిపోయేది.

ఈసారి మళ్లీ చెక్కించాం. వెంటిలేటరుకి గాజు తీయించి రెక్కలు పెట్టించాను. ఫ్యాను కూడా వచ్చింది. అత్తయ్యగారు అడిగితే మావారు కాదనలేకపోయారు. పూత పూర్తయి ఇవాళ్టికి ముప్ఫై రెండో రోజు. పొద్దున్న పెయింటరు ఫోన్ చేశాడు, "రమ్మంటారా అమ్మా?" అని. స్టూలెక్కి చూశాను. కవరు లోపల ఇంకా నాలుగు చుక్కలున్నాయి.

"వచ్చేవారం చెయ్యవయ్యా" అన్నాను.