దేశమునకొక విద్యుత్తు

మన నగరి ప్రాంతమునుండి అమెరికాకు బోవు యువకుల పెట్టెలలో తల్లిదండ్రులు ఊరగాయ సీసాలతోపాటు మిక్సీనిగూడ సర్దుట మేమెఱుగుదుము. ఆ మిక్సీ 230 వోల్టులకు, 50 హెర్ట్జులకు చేయబడినది. అచ్చటి గోడలలో నున్నవి 120 వోల్టులు, 60 హెర్ట్జులు. పచ్చడి నలుగదు. అచ్చటి ఇస్త్రీపెట్టె నిచ్చట తగిలించినచో వేడిమి నాలుగురెట్లకు సమీపించి యది మాడిపోవును. వస్తువు నడుగున నంటించిన చీటిపై 100–240 అని యున్నచో భయములేదు. సెల్‌ఫోను చార్జరులు పెక్కు లట్టివే.

లోకమంతటికి నొకే విద్యుత్తు నేల యేర్పఱుపరాదని విద్యార్థు లడుగవచ్చును. ప్రశ్న సమంజసమే. కాని మొదట నెవరేది కొనిరో అదియే యచ్చట శాసనమైనది. జపానును జూడుడు. 1895 ప్రాంతమున టోకియోవారు జర్మనీనుండి 50 హెర్ట్జుల యంత్రములను, పిమ్మట ఒసాకావారు అమెరికానుండి 60 హెర్ట్జుల యంత్రములను దెప్పించుకొనిరి. ఒక్క దేశమే రెండు ముక్కలైనది. 2011 మార్చి భూకంపమున తూర్పున విద్యుత్కేంద్రములు నిలిచిపోగా, పడమటినుండి మార్పిడి కేంద్రముల ద్వారా రాగలిగినది సుమారు పది లక్షల కిలోవాట్లు మాత్రమే. టోకియో పరిసరములలో వంతులవారీగ దీపము లార్పవలసివచ్చెను.

మన మరమగ్గములనే తలంచుడు. నాలుగు ధ్రువముల మోటారు 50 హెర్ట్జులపై నిమిషమునకు 1500 చుట్లకు కొంచెము తక్కువగ దిరుగును. 60 అయినచో 1800కు చేరువగును. మగ్గము వేగము అయిదవవంతు హెచ్చును, పోగులు తెగును. ప్రతి మగ్గమునకును పుల్లీ మార్చవలెను. ఆ వ్యయము నేతగాడు భరింపవలసినదేనా? అంతయు 50 హెర్ట్జులే యైన మన దేశముననే, దక్షిణాది విద్యుజ్జాలము తక్కిన దేశముతో నేకతాళమున గలియుట 2013 డిసెంబరు 31న గాని జరుగలేదు.

ఐరోపావారొక యుపాయము పన్నిరి. బ్రిటనులో 240, పెక్కు దేశములలో 220 వోల్టు లుండెడివి. అందఱును 230 అని వ్రాసికొని, హెచ్చుతగ్గుల హద్దులను దగినట్లు సవరించుకొనిరి. తీగలలోని వోల్టులు దాదాపు మారనే లేదు. కొందఱు దీనిని పరిహసింతురు గాని మాకది వివేకముగనే తోచుచున్నది. పాత వస్తువులను పారవేయకయే క్రొత్తవి యంతట బనిచేయునట్లైనది.

ప్లగ్గుల విషయమున మాత్రము మేము సహింపజాలము. ఇందు మోటారులు మార్చవలసిన పని లేదు. అంతర్జాతీయ సంఘము 1986లో సార్వజనీనమగు ప్లగ్గు నొకదానిని నిర్ణయింపగా, దానిని గైకొన్నవి ముఖ్యముగ దక్షిణాఫ్రికాయు, కొద్ది మార్పులతో బ్రెజిలును. క్రొత్తగ గట్టు ఇండ్లలోనైన మన ప్రభుత్వము దానిని విధింపవలెనని మా యభిప్రాయము. మన గోడలలోని గుండ్రని మూడుకాళ్ల ప్లగ్గు బ్రిటనువారిది. వారు 1947లోనే చదరపుకాళ్ల ప్లగ్గును నిర్ణయించుకొని, క్రమముగ దీనిని విడిచిరి.