అమ్మ ఎవరింట్లో ఉండాలి?

కొండమీది పల్లెలో ఒంటరిగా ఉన్న తల్లి కనిపించకుండా పోయింది. పట్నంలో ఉన్న ఇద్దరు కూతుళ్లు, కొడుకు హడావిడిగా బయల్దేరారు. తల్లి దొరికింది గానీ ఆమెకి మతిమరుపు జబ్బు. ఇక అసలు చిక్కు మొదలైంది. అమ్మ ఎవరింట్లో ఉండాలి?

పక్కింటి సంగతిలా ఉంది కదూ! కానీ ఇది టర్కీ సినిమా 'పండోరా పెట్టె'. 2008లో స్పెయిన్‌లోని సాన్ సెబాస్టియన్ చిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి 'గోల్డెన్ షెల్' దీనికే దక్కింది. తల్లి వేషం వేసిన ఫ్రెంచి నటి సిల్లా షెల్టన్‌కి అప్పటికి దాదాపు తొంభై ఏళ్లు. ఆమెకీ ఉత్తమ నటి అవార్డు వచ్చింది.

ఈ సినిమా తీసిన యెషిమ్ ఉస్తావోలు 1960లో పుట్టారు. నల్లసముద్రం ఒడ్డున ట్రాబ్జాన్‌లో పెరిగి, అక్కడే ఆర్కిటెక్చర్ చదివారు. కొన్నాళ్లు ఆ వృత్తిలో ఉండి, పత్రికల్లో రాసి, పొట్టి సినిమాలు తీసి, 1994లో తొలి కథాచిత్రానికి వచ్చారు. ఇళ్లు కట్టే చదువు చదివినావిడ ఆ ఇళ్లలో ఏం జరుగుతోందో చూపించడం మొదలుపెట్టారన్నమాట.

ఆమె ఎంచుకున్నవేవీ తేలికైన కథలు కావు. కుర్దుల మీద అణచివేత గురించి నోరెత్తడమే కష్టమైన రోజుల్లో, ఒక టర్కీ కుర్రాడికీ కుర్దు కుర్రాడికీ కుదిరిన స్నేహాన్ని 'సూర్యుడి వైపు ప్రయాణం'గా తీశారు. చనిపోయిన స్నేహితుడి శవపేటికతో సొంతూరు వెతుక్కుంటూ వెళ్తే, ఆ ఊరు నీళ్లలో మునిగి ఉంటుంది. 1999లో బెర్లిన్‌లో ఈ సినిమా రెండు బహుమతులు అందుకుంది.

2016లో వచ్చిన 'తెరెద్దూత్' మన ఆడవాళ్లు ముఖ్యంగా ఆలోచించాల్సిన సినిమా. ఒకరు చిన్న వయసులోనే పెళ్లయి అత్తింట్లో నలిగిపోయే పిల్ల. ఇంకొకరు ఆ పిల్లకి వైద్యం చేసే మానసిక వైద్యురాలు. చదువు, ఉద్యోగం, సొంత సంపాదన... డాక్టరమ్మకి అన్నీ ఉన్నాయి. అయినా తన కాపురంలో తనకీ ఊపిరాడటం లేదని ఆ పిల్ల కథ వింటుంటేనే ఆవిడకి తెలిసొస్తుంది. చదువుకుంటే చాలు, ఆడదాని కష్టాలు తీరిపోతాయనుకునే మన నమ్మకాన్ని ఇది మెల్లగా కదిలిస్తుంది.

1994 నుంచి 2016 దాకా ఇరవై రెండేళ్లలో ఆమె తీసిన కథాచిత్రాలు ఆరే. 'పండోరా పెట్టె'కి ఫ్రాన్స్, జర్మనీ, బెల్జియం నిర్మాతలూ చేయి కలపాల్సి వచ్చింది. నలుగురూ మెచ్చే కథలు చూసుకుంటే సంఖ్య పెరిగేదేమో. ఆమె ఆ దారి పట్టలేదు.

ఇంతకీ ఆ తల్లి ఎవరింట్లో ఉంది? కూతుళ్లు, కొడుకు తేల్చుకోలేకపోయారు. చివరికి ఆమె మనసు తెలుసుకుని మళ్లీ కొండల దగ్గరికి తీసుకెళ్లింది మనవడే. అమ్మను ఎవరు చూసుకోవాలని అందరూ వాదించుకున్నారు. 'నీకెక్కడ ఉండాలనుందమ్మా?' అని ఆలోచించినవాడు వాడొక్కడే. మన ఇళ్లలో ఆ ప్రశ్న అడుగుతున్నామా?