తప్పిన నెల ఎవరి లెక్క?

తెలుగులో "నెల తప్పింది" అంటే ఒకటే అర్థం. పెళ్ళయిన పిల్లయితే నోరు తీపి చేస్తారు, కాకపోతే తలుపులు మూసి నిలదీస్తారు. కడుపు లేకుండానే నెలలు తప్పే ఒంటికి మన భాషలో చోటు లేదు. "నెలసరి" అన్న మాటలోనే నెలనెలా సరిగ్గా రావాలన్న షరతుంది. మరి తొంభై రోజులకొకసారి వచ్చేదాన్ని ఏమనాలి?

నాకు పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్, అంటే పీసీఓఎస్, ఉందని తేలి పదకొండేళ్ళు. అప్పట్నుంచీ ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను. వచ్చిన తేదీ, ఎన్నాళ్ళుంది, ఎంత పోయింది, గడ్డం మీది వెంట్రుకలు, మొటిమలు, రాలిన జుట్టు, నిద్ర, ఊరికే వచ్చే ఏడుపు. ఏమీ రాని నెలల ఖాళీ గళ్ళు కూడా. డాక్టర్లలో చాలామంది ఆ నోట్‌బుక్ తెరవనే లేదు. "పెళ్ళయితే అదే సర్దుకుంటుంది" అన్నారు. పెళ్ళయ్యాక "పిల్లలకోసం ఎప్పుడు ట్రై చేస్తారు?" అన్నారు. పిల్లలు వద్దనుకుంటున్నామంటే, "ఇంక దీని గురించి బాధెందుకమ్మా?" అని ఫైలు మూసేసిందొకావిడ.

ఎందుకో చెప్తాను. నెలల తరబడి ముట్టు రాకపోతే గర్భాశయం లోపలి పొర మందంగా పెరిగిపోవచ్చు, అక్కడ క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. షుగరు, డిప్రెషన్ ముప్పూ ఎక్కువే. ఇవి తల్లి కాదలచుకున్న స్త్రీకే వస్తాయా? 2003 నాటి రాటర్‌డామ్ ప్రమాణాల ప్రకారం, ఇతర కారణాలు లేవని తేల్చుకున్నాక, మూడింటిలో రెండు లక్షణాలుంటే ఇది పీసీఓఎస్: అండం విడుదల గతి తప్పడం, పురుష హార్మోన్లు ఎక్కువవడం, స్కానింగ్‌లో అండాశయాల నిండా నీటిబుడగల్లాంటివి కనిపించడం. మొదటిదానికి సాక్ష్యం మన తేదీలే. రజస్వల అయి మూడేళ్ళు దాటిన స్త్రీకి 35 రోజులకు మించి ఎడం వస్తున్నా, ఏడాదికి 8 సార్లకన్నా తక్కువ వస్తున్నా క్రమం తప్పినట్టే. ఆ స్త్రీ కాక ఎవరు లెక్కపెట్టగలరు? ఈ జబ్బున్నవాళ్ళలో 70 శాతం దాకా తమకది ఉన్నట్టే తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. తెరవని నోట్‌బుక్కుల ఖరీదు అది.

లెక్క మనకి కొత్త కాదు. ఏ తిథిన రజస్వల అయితే ఏ ఫలమో పంచాంగాలు రాసిపెట్టాయి. వ్రతం ఏ రోజు పెట్టుకోవాలో, వంటింట్లోకి ఎవరు రాకూడదో, కోడలికి ఇంకా ఎందుకు నిలవలేదో ఇంటి పెద్దలు వేళ్ళమీద లెక్కించారు. ఇప్పుడా పని ఫోన్లోని యాప్ చేస్తోంది. ఫ్లో అనే యాప్ స్త్రీల ఆరోగ్య వివరాలను ఫేస్‌బుక్, గూగుల్ వంటి కంపెనీలకు చేరవేసిందన్న ఆరోపణ మీద 2021లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో రాజీ కుదుర్చుకోవాల్సి వచ్చింది. అత్తగారి వేళ్ళయినా, కంపెనీ సర్వరయినా, లెక్క మన ఒంటిది, అక్కర మాత్రం వాళ్ళది.

మనమేం చేశాం? ముట్టును మైల అన్నవాళ్ళను స్త్రీవాద కవిత్వం నిలదీసింది. ఆ ధైర్యం మీదే నేనూ నిలబడి రాస్తున్నాను. కానీ మనం రాసినదంతా వచ్చిన రక్తం గురించే. రాని రక్తం గురించి, గడ్డం గీసుకుని క్లాసుకి వెళ్ళే లెక్చరర్ గురించి రాసింది బహు తక్కువ. రాయని బాధ డాక్టరు గదిలో "అపోహ" అయిపోతుంది.

కాబట్టి లెక్క రాసుకుందాం, మనకోసం. ఆ కాగితం చదవకుండా మందు రాసే డాక్టరును చదవమని అడుగుదాం. ఏ స్త్రీ అయినా నెల తప్పిందంటే ఆమె కడుపువైపు చూడకుండా, "ఎన్నాళ్ళయింది? ఒంట్లో ఎలా ఉంది?" అని అడగడం మనతోనే మొదలుపెడదాం.