టోపీ పడకుండా టోపీ కొనాలంటే

తెలుగులో ‘టోపీ పెట్టడం’ అంటే ఏమిటో ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. అమెరికాలో పాత ఫెల్ట్ టోపీలు సేకరించేవారికి ఆ ముప్పు అక్షరాలా ఎదురవుతుంది. 1960ల నాటి సరుకును 1930లదని నమ్మి డబ్బు పోసే అవకాశం అడుగడుగునా ఉంటుంది. అమ్మేవాడు అబద్ధమాడాల్సిన పని కూడా లేదు. తాతగారి అటక మీద దొరికిన టోపీ వయసు మనవడికి మాత్రం ఎలా తెలుస్తుంది?

టోపీ మీద తయారీ తేదీ ముద్రించడం సాధారణంగా ఆనవాయితీ కాదు. కాబట్టి 1865లో ఫిలడెల్ఫియాలో మొదలైన స్టెట్సన్ అయినా, 1857లో ఇటలీలోని అలెశాండ్రియాలో పుట్టిన బోర్సలీనో అయినా ఆరా తీయక తప్పదు. అనుభవమున్న సేకర్త టోపీని ముందు తలకు పెట్టుకోడు, తిరగేస్తాడు. నుదుటికి ఆనే తోలు పట్టీని చిట్లకుండా మెల్లగా వెనక్కి మడిచి చూస్తాడు. కొలత చీటీ, కార్మిక సంఘం బిళ్ల వంటి అసలు సాక్ష్యాలు దాక్కునేది ఆ పట్టీ చాటునే.

చిరునామా కూడా ఒక సాక్షి. అమెరికా తపాలా శాఖ పెద్ద నగరాలకు జోన్ నంబర్లు ఇచ్చింది 1943లో, ఐదంకెల జిప్ కోడ్ ప్రవేశపెట్టింది 1963లో. లోపలి అస్తరు మీద జిప్ కోడ్ ఉంటే ఆ అస్తరు 1963కు ముందుది కాదన్నమాట. అట్టపెట్టె మీద ఉంటే మాత్రం తొందరపడకూడదు. పెట్టె వయసు టోపీ వయసు కాదు. ఖరీదైన పేరున్న ఖాళీ పెట్టెలో అనామక టోపీని సర్దడం ఎంతసేపు?

చాలామంది మోసపోయేది అంచు దగ్గర. 1940ల్లో వెడల్పాటి అంచులు, 1960ల తొలినాళ్లలో సన్నవి చెలామణీ అయిన మాట నిజమే. కానీ ఫ్యాషన్ మారినప్పుడు పాత టోపీనే శుభ్రం చేయించి, అంచు కత్తిరించి, రిబ్బన్ మార్పించుకున్నవారూ ఉన్నారు. ఇక టోపీల వ్యాపారాన్ని ముంచింది అధ్యక్షుడు కెనడీ అన్న కథ బాగా పాతుకుపోయింది. 1961లో ప్రమాణ స్వీకారం నాడు ఆయన సిల్కు టోపీతోనే వచ్చారు. ప్రసంగించేటప్పుడు అది తల మీద లేదు. ఫిలడెల్ఫియాలోని స్టెట్సన్ కర్మాగారం 1971లో మూతపడింది. విచిత్రమేమిటంటే కృష్ణ ‘మోసగాళ్ళకు మోసగాడు’తో తెలుగు తెర మీదికి కౌబాయ్ టోపీని తెచ్చిందీ ఆ ఏడాదే.

వీటన్నిటికంటే గట్టి ఆధారం కార్మిక సంఘం బిళ్ల. తపాలా బిళ్లలా రంపపు అంచులతో ఉండే ఈ చిన్న కాగితం మీద ‘యునైటెడ్ హ్యాటర్స్ ఆఫ్ నార్త్ అమెరికా’ అని ఉంటే అది 1896-1934 మధ్య కాలానిది. 1934లో ఆ సంఘం మరో సంఘంతో కలిసిపోయింది. దాంతో పేరులోకి ‘క్యాప్ అండ్ మిలినరీ వర్కర్స్’ వచ్చి చేరింది. పాత బిళ్లల నిల్వ అయిపోయేదాకా వాడి ఉండొచ్చు కాబట్టి ఒకటి రెండేళ్లు అటూఇటూగా లెక్క వేసుకోవాలి.

ఆ బిళ్ల వెనుక ఉన్న కథ సేకర్తలకంటే రాజనీతి శాస్త్ర విద్యార్థులకే ఎక్కువ తెలుసు. టోపీల పట్టణంగా పేరొందిన కనెక్టికట్‌లోని డాన్‌బరీలో డీట్రిచ్ లోవీ అనే యజమాని సంఘాన్ని గుర్తించడానికి ససేమిరా అన్నాడు. 1902లో సమ్మె మొదలైంది. అతని టోపీలు కొనొద్దంటూ సంఘం దేశమంతటా బహిష్కరణకు పిలుపునిచ్చింది. బిళ్ల ఉన్న టోపీనే కొనండి అనడమే అప్పట్లో కార్మికుల చేతిలోని ఆయుధం. లోవీ కోర్టుకెక్కాడు. గుత్త సంస్థలను అదుపు చేయడానికి 1890లో తెచ్చిన షెర్మన్ చట్టం సంఘాలకూ వర్తిస్తుందని 1908లో సుప్రీంకోర్టు తేల్చింది. 1915లో రెండున్నర లక్షల డాలర్లకు పైగా పరిహారాన్ని ఖాయం చేసింది. దావా వేసింది సంఘం నాయకుల మీద మాత్రమే కాదు, రెండు వందల మందికి పైగా మామూలు సభ్యుల మీద. వారి ఇళ్లు, బ్యాంకుల్లోని పొదుపు జప్తులో చిక్కుకున్నాయి. దేశంలోని కార్మికులంతా చందాలు వేసుకుని ఆదుకోవాల్సి వచ్చింది. కంపెనీల దోపిడీని ఆపాల్సిన చట్టం మొదట కాటేసింది కూలివాడిని. ఈ రోజు సేకర్తలు భూతద్దం పెట్టి వెతికే కాగితం ముక్క విలువ అంతటిది.

డాన్‌బరీ కార్మికులకు మరో శాపం పాదరసం. కుందేలు, బీవర్ వంటి జంతువుల బొచ్చు ఒకదానికొకటి అల్లుకుని ఫెల్ట్‌గా మారేందుకు దానికి మెర్క్యురిక్ నైట్రేట్ పట్టించేవారు. ఆ ఆవిరి పీల్చినవారికి చేతులు వణికేవి, మతి చలించేది. స్థానికంగా దాని పేరే ‘డాన్‌బరీ వణుకు’. అమెరికా టోపీల పరిశ్రమలో ఈ వాడకానికి తెరపడింది 1941 డిసెంబర్‌లో.

ఆ పాదరసం పాత టోపీల్లో ఇప్పటికీ మిగిలి ఉండొచ్చు. మ్యూజియంలలో వాటిని చేతి తొడుగులు లేకుండా ముట్టుకోనివ్వరు. కెటిల్ ఆవిరి పట్టించి నలిగిన టోపీకి రూపు తెప్పించడం సేకర్తల్లో బాగా అలవాటైన పని. వేడి తగిలితే పాదరసం ఆవిరి కావడం మరింత సులువు. కాబట్టి 1941కి ముందుదని బిళ్ల చెప్పే టోపీకి, తలుపులు మూసిన గదిలో ఆ పని చేయకూడదు.