ఒంటి నోడు క్లస్టరును వెక్కిరించేవారికి

ఒక్క నోడుతో క్లస్టరేమిటన్నది ఈ మధ్య నేను తరచుగా వింటున్న ఎత్తిపొడుపు. క్లస్టరంటే సమూహం, సమూహమంటే పలువురు, కాబట్టి ఏకనోడు క్లస్టరన్నది వదతోవ్యాఘాతమట, గొడ్రాలి కొడుకు వంటిదట. ఈ మాట అనేవారిలో కొందరు సాఫ్టువేరు ఇంజనీర్లు, కొందరు నా ఈడు పండితులు. ఇంజనీర్లకు వ్యాకరణం పట్టకపోవడం క్షమించదగినదే. భాషాప్రవీణ చదివినవారు కూడా వంత పాడితే మాత్రం ఊరుకోవడం నా వల్ల కాదు.

అష్టాధ్యాయి మొదటి అధ్యాయం మొదటి పాదంలో 21వ సూత్రం ఇటువంటి శంకను తీర్చడానికే పుట్టింది. మొదటి వర్ణానికొక కార్యాన్నీ చివరి వర్ణానికొక కార్యాన్నీ విధించినప్పుడు, అక్కడ ఉన్నది ఒక్క వర్ణమే అయితే ఏం చేయాలి? దానినే ఆదిగాను, దానినే అంతంగాను ఎంచుకొమ్మన్నాడు పాణిని. ఒక్కడే కొడుకున్న తండ్రి వాడినే పెద్దవాడంటాడు, వాడినే చిన్నవాడంటాడని పతంజలి లోకవ్యవహారం చూపించాడు. ఒంటి నోడు క్లస్టరులో జరిగేదీ అదే. ఆజ్ఞాపించే సర్వరూ అదే యంత్రం, ఆజ్ఞను శిరసావహించే ఏజెంటూ అదే యంత్రం. ఇంతటితో శబ్దచర్చ చాలు. అసలు వివాదం వేరే ఉన్నది.

ఈ సామగ్రి పరిచయం లేని మిత్రుల కోసం నాలుగు మాటలు. ఒక ప్రోగ్రామును, అది నడవడానికి కావలసిన సరంజామా అంతటితో కలిపి కట్టిన మూట కంటైనరు. అటువంటి మూటలను యంత్రాల మీద దించి, పడిపోయినదాన్ని లేపి, కనిపెట్టుకొని ఉండేది కుబర్నెటీస్. గూగుల్ వారు 2014లో దీన్ని లోకానికి విడుదల చేశారు. గ్రీకు భాషలో ఈ మాటకు కర్ణధారి అని అర్థం. దానిని కుదించి రాంచర్ ల్యాబ్స్ వారు 2019లో తెచ్చినది కె3ఎస్. ఇంగ్లీషులో కుబర్నెటీస్‌కు పది అక్షరాలు. మొదటి అక్షరానికీ చివరిదానికీ నడుమ ఎనిమిది ఉన్నాయి గనుక దానిని కె8ఎస్ అని ముద్దుగా పిలుస్తారు. అందులో సగం బరువైనదానికి అయిదక్షరాలు చాలు గనుక ఇది కె3ఎస్. ఈ పేరు పెట్టినవాడెవడో గాని గణాల లెక్క తెలిసినవాడిలా ఉన్నాడు! ప్రోగ్రామంతా నూరు మెగాబైట్లకు లోపున్న ఒక్క ఫైలు.

నా జాలస్థలిలో మూడు మూటలున్నాయి. శతకాల పుటలు ఒకటి, పద్యానికి యతిప్రాసలు సరిచూసే ప్రోగ్రాము ఒకటి, వాటి వెనుక డేటాబేసు ఒకటి. ఇవన్నీ అద్దెకు తీసుకొన్న ఒక చిన్న యంత్రం మీద నడుస్తున్నాయి. ఆ యంత్రం అమెజాన్ వారు 2022 నవంబరులో తెరిచిన హైదరాబాదు ప్రాంతంలో ఉన్నది. దాన్ని నేను చేత్తో కట్టలేదు. ఇటువంటి యంత్రం, ఇంత డిస్కు, ఈ ద్వారాలు తెరిచి ఉండాలి అని ఒక పత్రంలో వ్రాశాను. ఓపెన్‌టోఫు అనే ప్రోగ్రాము ఆ పత్రాన్ని చదివి యంత్రాన్ని పుట్టిస్తుంది. ఇది టెర్రాఫామ్‌కు పాలివాడు. ఆ కంపెనీ 2023 ఆగస్టులో లైసెన్సు బిగించినప్పుడు వేరు కాపురం పెట్టింది.

"శతకాలకు ఇంత హంగామా ఎందుకు? నెలకింత పారేస్తే చోటిచ్చేవారు లేరా? మీటలు నొక్కితే పోదా?" అని అడుగుతున్నారు. నా జగడమంతా ఈ మీటలతోనే.

నాతోపాటు పనిచేసిన ఒక పండితమిత్రుడు పదేళ్ళు శ్రమించి ప్రబంధాల మీద వ్యాఖ్యలు వ్రాసి సొంత సర్వరులో పెట్టాడు. ఆయన పోయిన తరువాత వాళ్ళబ్బాయి నా దగ్గరకు వచ్చి, "మాస్టారూ, నాన్నగారి సైటు తెరుచుకోవడం లేదు, ఏం చేయాలి?" అని అడిగాడు. అద్దె కట్టడానికి అతను సిద్ధమే. కాని ఆ సర్వరులో ఏముందో, ఏ అమరిక దేనిమీద ఆధారపడిందో, ఏ మీట ఎందుకు నొక్కబడిందో చెప్పే కాగితం ఒక్కటి లేదు. అదంతా పోయినవాడి తలలో ఉండేది. వ్యాఖ్యలు పోయాయి. 2009లో జియోసిటీస్ మూతపడినప్పుడు, 2020లో యాహూ గుంపులు మూతపడినప్పుడు మనమంతా కంపెనీలను తిట్టుకొన్నాం. ఇక్కడ తిట్టడానికి ఏ కంపెనీ ఉన్నది?

మీట నొక్కి కట్టిన సర్వరు ముఖస్థంగా మాత్రమే ఉన్న కావ్యం. పత్రం వ్రాసి కట్టినది తాటాకుల మీదికెక్కిన కావ్యం. ప్రతి ఉన్నది గనుక దాన్ని మరొకడు చదువగలడు, తప్పు పట్టగలడు, మళ్ళీ ఎత్తి వ్రాయగలడు.

ప్రతులతో బ్రతికినవారికి ప్రక్షిప్తాల బెడద తెలుసు. ఎవడో లేఖకుడు తనకు తోచిన పద్యాన్ని నడుమ ఇరికిస్తాడు. సర్వరుకూ అంతే, తొందరలో ఎవరో ఒక ద్వారం తెరిచి మూయడం మరచిపోతారు. "ప్లాన్" అన్న ఆజ్ఞ ఇస్తే ఓపెన్‌టోఫు నా పత్రాన్నీ అక్కడి యంత్రాన్నీ సరిపోల్చి, తన పాలనలో ఉన్న వస్తువులలో ఎక్కడ తేడా వచ్చిందో వరుసగా చూపిస్తుంది. నేను ఔనన్నాకే చేయి వేస్తుంది. ఇంతటి నిజాయితీ అచ్చు పరిష్కర్తలలో కూడా అరుదే. అయితే దాని చూపు యంత్రం గడప దాకానే. లోపలికి పోయి ఫైళ్ళు దిద్దితే దానికి తెలియదు. అందుకే లోపలి మూటల వివరాలను కూడా పత్రాలుగానే వ్రాసి, కె3ఎస్ తనంతట తాను చదివి అమలుచేసే నిర్ణీతమైన ఫోల్డరులో పెడుతున్నాను.

పాఠభేదాల సంగతి ఇంకా ముఖ్యం. కె3ఎస్‌ను ఏ వెర్షనో చెప్పకుండా దించితే ఆనాటికి స్థిరమని వారు ప్రకటించినది దిగుతుంది. ఆరు నెలల తరువాత అదే పత్రం మరొక యంత్రాన్ని పుట్టిస్తుంది. ఆపరేటింగు సిస్టము ఇమేజి విషయంలో "తాజాది ఏదైతే అది" అని వ్రాసి ఊరుకొంటే మరీ ప్రమాదం. కొత్త ఇమేజి విడుదలయ్యాక ఒకనాడు ప్లాన్ అడిగితే, ఉన్న యంత్రాన్ని కూల్చి కొత్తది కడతానంటుంది! వెర్షను సంఖ్య వ్రాయని పత్రం, ఏ ప్రతి ననుసరించాడో చెప్పని సంపాదకుడి పీఠిక వంటిది. ఈ రెండింటినీ నేను నమ్మను.

పత్రముంటే చాలునని పొంగిపోయేవారితోనూ నాకు పేచీ ఉన్నది. పత్రం ఇంటి నమూనా మాత్రమే, ఇంట్లోని బియ్యం కాదు. కె3ఎస్ తన జ్ఞాపకాన్నంతా మామూలుగా ఎస్‌క్యూలైట్ ఫైలులో అదే డిస్కు మీద ఉంచుకొంటుంది. మూటలలోని డేటాకు కూడా వేరే ఏర్పాటు చేయకపోతే దిక్కు ఆ డిస్కే. అందుకే డేటాకు వేరే డిస్కు తగిలించాను, దాన్ని ధ్వంసం చేయరాదని పత్రంలోనే నిషేధం వ్రాశాను, ప్రతి రాత్రి ఒక నకలు వేరొక చోటికి పంపుతున్నాను. ఓపెన్‌టోఫు తన లెక్కలు వ్రాసుకొనే ఫైలు ఒకటున్నది. ప్రత్యేకంగా గుప్తీకరించకపోతే అందులో రహస్యపదాలు పచ్చిగా ఉంటాయి. దాన్ని తీసుకొనిపోయి నలుగురూ చూసే చోట పెట్టే మహానుభావులున్నారు.

ఇక మూడు నోడుల వాదులు. ఒక నోడు పడిపోతే అంతా పడిపోతుందంటారు. పడిపోతుంది, ఎవరు కాదన్నారు? నా శతకాలు పావుగంట కనబడకపోతే ఎవరి పెళ్ళీ ఆగదు. ఆ పావుగంటలో పత్రం నుండి మరొక యంత్రం లేస్తుంది. పోనీ రెండు పెట్టమంటారా? ఆజ్ఞాపించే సర్వరులు రెండై, వాటి ఉమ్మడి జ్ఞాపకం ఈటీసీడీలో ఉంటే, ఒకటి పడగానే మెజారిటీ తప్పి రెండవది కూడా చేతులెత్తేస్తుంది. ఒకటి పోయినా నిలవాలంటే కనీసం మూడు కావాలి, అంటే మూడింతల అద్దె. నిర్వహణ మాకు వదిలేయండనే అమెజాన్ వారి కుబర్నెటీస్ సేవకు గంటకు పది సెంట్లు, నెలకు 73 డాలర్ల చిల్లర. ఇది కేవలం కర్ణధారి జీతం, పడవ అద్దె వేరు. పింఛనుదారుకు ఈ సలహా ఇచ్చేవారు ఆ బిల్లు కూడా తామే కడితే ఆలోచిస్తాను.

యతిప్రాసల కోసం జనం తోసుకొనివచ్చే రోజులు వస్తే దానికీ కె3ఎస్‌లో దారి ఉన్నది. సర్వరు మొదలయ్యేచోట క్లస్టర్-ఇనిట్ అన్న ఒక్క మాట చేర్చి మళ్ళీ లేపితే, ఎస్‌క్యూలైట్ జ్ఞాపకం ఈటీసీడీలోకి మారుతుంది. ఆపైన రెండవ, మూడవ నోడులను పిలవవచ్చు. మిత్రుడి కొడుకు ఇప్పుడు నా పత్రాల నకలు తీసుకొనిపోయి, తండ్రి కాగితాలలో దొరికిన వ్యాఖ్యలను మొదటినుండి టైపు చేస్తున్నాడు. అతని యంత్రానికి కూడా ఒకటే నోడు.