పాత కంప్యూటర్లు పనికిరానివేనా?

మన కళాశాల కంప్యూటరు ప్రయోగశాలలోని పాత యంత్రములను తూకమునకు అమ్మివేయవలెనన్న మాట ఈ మధ్య తరచుగా వినవచ్చుచున్నది. విండోస్ 10కు మైక్రోసాఫ్టు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11 కోరెడి టీపీఎం 2.0 ఈ యంత్రములలో లేదు. కొన్నింటి హార్డు డిస్కులు చెడినవి. కనుక వీని కాలము చెల్లినదని పలువురి అభిప్రాయము. దానితో మేము ఏకీభవించలేకున్నాము.

డిస్కు చెడినంత మాత్రాన ప్రాసెసరు, మెమరీ, తెర చెడలేదు. ఒక్క సర్వరు నుండి కేబులు ద్వారా అన్ని యంత్రములకు ఆపరేటింగు సిస్టమును అందించు పద్ధతి ఒకటి ఉన్నది. అదే నెట్‌వర్కు బూటింగు. మండపేటవారికి ఈ సూత్రము క్రొత్త కాదు. 1852లో కాటన్ దొర ధవళేశ్వరము ఆనకట్టను పూర్తి చేసిననాటి నుండి కాలువలకు, కాలువల నుండి బోదెలకు నీరు పారి మన చేలు పండుచున్నవి. చేనికొక నూయి త్రవ్వుకొనలేదు గదా!

మీట నొక్కగానే బయాస్ మేల్కొని నెట్‌వర్కు కార్డుకు పని అప్పగించును. కార్డు తన చిరునామా ఏదని అడుగును. సర్వరులోని డీహెచ్‌సీపీ చిరునామాతోపాటు తెచ్చుకొనవలసిన ఫైలు పేరును చెప్పును. టీఎఫ్‌టీపీ ఆ ఫైలును అందించును. దాని వెంట లినక్స్ కెర్నెలు వచ్చును. ఇది నిన్నటి వింత కాదు. దీనికి పూర్వరూపమైన బూట్‌పీ 1985 నాటిది. ఇంటెల్ సంస్థ పీఎక్స్ఈ ప్రమాణమును 1990ల చివర వెలువరించినది.

చిక్కంతయు పాత బయాస్‌లతోనే. కొన్నింటిలో పీఎక్స్ఈ లేనే లేదు. ఉన్నవాటిలో కొన్ని టీఎఫ్‌టీపీ తప్ప మరొక త్రోవ ఎరుగవు. పెద్ద ఫైళ్లు వచ్చుటకు చాల సేపు పట్టును. ఈ లోటును తీర్చునది ఐపీఎక్స్ఈ అను ఉచిత సాఫ్టువేరు. సీడీ, యూఎస్‌బీ, మంచి స్థితిలోనున్న డిస్కు - బయాస్ దేనిని గుర్తించునో దానిపై ఐపీఎక్స్ఈని ఉంచిన చాలును. అది హెచ్‌టీటీపీ ద్వారా త్వరగా ఫైళ్లు తెచ్చుకొనగలదు. పీఎక్స్ఈ ఉన్న యంత్రమైనచో, దానిచేతనే ఐపీఎక్స్ఈని తెప్పించవచ్చును.

ఇక్కడనే మేము పొరపాటు చేసినాము. ఐపీఎక్స్ఈ వచ్చి మరల చిరునామా అడుగగా, సర్వరు మరల ఐపీఎక్స్ఈనే ఇచ్చినది. ఒక పూటంతయు యంత్రము గానుగెద్దువలె తిరిగినది. అడుగుచున్నది కార్డా, ఐపీఎక్స్ఈయా అని గుర్తించి వేరు వేరు సమాధానములు చెప్పునట్లు డీహెచ్‌సీపీలో ఒక షరతు వ్రాయగా చక్కబడినది. ఆ షరతును కనుగొన్నది మేము కాము. ద్వితీయ సంవత్సర విద్యార్థి. క్రొత్త యంత్రములు కొని బల్లలపై ఉంచినచో ఈ విద్య అబ్బునా?

సర్వరు చెడిన అన్నియు నిలిచిపోవునన్న ఆక్షేపణ సబబైనదే. అందుకే రెండవ డిస్కులో నకలు, ఒక యూపీఎస్ తప్పనిసరి. ఉదయము అన్నియు ఒక్కసారి వెలిగించిన కాలువ చివరి చేనికి నీరందనట్లగును, వంతులవారీగా వెలిగించుకొనవలెను. 32 బిట్ల ప్రాసెసర్లున్నవాటిని మేమును వెనకేసుకొని రాము. 2025లో వచ్చిన డెబియన్ 13 వాటికి ఇన్‌స్టాలరును కూడ ఇవ్వలేదు. వాటిని ఈ-వ్యర్థములు సేకరించు అధీకృత సంస్థలకు అప్పగింపవచ్చును.

మరియొక ప్రయోజనము గలదు. నేడు ఉర్దూ టైపు చేయు సదుపాయము రెండు యంత్రములలోనే ఉన్నది. విద్యార్థినులు వంతు కొరకు నిలుచుండుట నిత్యము చూచుచున్నాము. సర్వరులో నస్తాలీఖ్ ఖతిని, తెలుగు ఖతులను ఒక్కసారి అమర్చినచో, ఎవరు ఏ యంత్రము ముందు కూర్చున్నను రెండు భాషలును లభించును.

కమిటీవారికి మా మనవి ఒక్కటే. అమ్మకపు నిర్ణయమునకు ముందు ఐదు యంత్రములను, ఒక సర్వరును, ఒక సెమిస్టరు గడువును మాకు ఇవ్వుడు. ఫలితమును చూచి నిర్ణయింపుడు. విద్యార్థులారా! ఆ ఐదింటిని నడిపించు బాధ్యత మీది. మీతో మేమును కూర్చుందుము.