మొదటి పొట్లం దగ్గరే ఆపాలి

‘స్కోల్’ అమెరికాలో 1934లో పుట్టిన పొగాకు బ్రాండ్. చుట్టలా కాల్చేది కాదు, నస్యంలా పీల్చేదీ కాదు. చిటికెడు పొడి తీసి బుగ్గకూ చిగుళ్లకూ మధ్య పెట్టుకుంటారు. దాన్ని తయారుచేసిన యునైటెడ్ స్టేట్స్ టొబాకో కంపెనీ చేతిలో అప్పటికే ‘కోపెన్‌హాగెన్’ ఉంది. దాని మూలాలు 1822 నాటి పిట్స్‌బర్గ్‌లో ఉన్నాయి. నిప్పు వెలిగించడం కుదరని గనుల్లో, చేతులకు తీరిక లేని పనుల్లో ఉన్నవాళ్లకు అలవాటైన ఘాటు సరుకది. పాతతరం ముసలిదవుతుంటే అమ్మకాలు నిలవాలంటే కుర్రవాళ్లు రావాలి. కుర్రవాళ్లకేమో ఆ ఘాటు పడదు.

అందుకే 1983 ప్రాంతంలో ‘స్కోల్ బ్యాండిట్స్’ వచ్చింది. టీ సంచిలాంటి బుల్లి పొట్లంలో సువాసన కలిపిన పొగాకు. నోట్లో పొడి చెదరదు, గొంతు మండదు. నాస్కార్ కారు పందేల్లో హ్యారీ గాంట్ నడిపిన 33వ నంబరు కారు మీద ఆ పేరే మెరిసింది. రోడియో (గుర్రాలు, ఎద్దుల మీద స్వారీ పోటీలు) మైదానాల్లో పొగాకు డబ్బాలు ఉచితంగా పంచారు.

అసలు కిటుకు రసాయనంలో ఉంది. నికోటిన్ నోటి పొర గుండా రక్తంలోకి ఎంత వేగంగా ఎక్కుతుందన్నది పొగాకులోని క్షారగుణాన్ని బట్టి ఉంటుంది. 1990ల మధ్యలో పరిశోధకులు కొలిచి చూస్తే, బ్యాండిట్స్‌లోని నికోటిన్‌లో సులువుగా ఒంటికి పట్టే రూపంలో ఉన్నది దాదాపు 7 శాతం. కోపెన్‌హాగెన్‌లో 79 శాతం. మిగతా స్కోల్ రకాలు ఈ రెంటికీ నడుమ. మెత్తని దానితో మొదలుపెట్టించి ఘాటైన దానికి చేర్చే పథకం ఇదని 1994లో వాల్ స్ట్రీట్ జర్నల్ రాసింది. నికోటిన్‌తో తాము ఆటలాడలేదని కంపెనీ వాదించింది. కానీ ఆ అంకెల వరుస చూశాక ఆ వాదన నమ్మడం కష్టం.

ఓక్లహోమాలో ఓ హైస్కూలు పరుగుల వీరుడు పన్నెండేళ్లకే ఈ పొడికి అలవాటుపడి, నాలుక క్యాన్సర్‌తో 1984లో 19 ఏళ్లకే చనిపోయాడు. తల్లి దావా వేసింది. 1986లో జ్యూరీ కంపెనీ పక్షానే తీర్పు చెప్పింది. అదే ఏడాది అమెరికా ప్రభుత్వ ఆరోగ్యాధికారి అయిన సర్జన్ జనరల్ నివేదిక నోటి క్యాన్సర్ ముప్పును తేల్చిచెప్పింది. టీవీ, రేడియో ప్రకటనలను చట్టం నిషేధించింది. పిల్లవాడు పోయిన రెండేళ్లకు!

బ్రిటన్ ఇంకో దారి పట్టింది. ప్రభుత్వ గ్రాంటుతోనే 1985లో స్కాట్లాండ్‌లోని ఈస్ట్ కిల్‌బ్రైడ్‌లో బ్యాండిట్స్ ఫ్యాక్టరీ తెరిచారు. వైద్యుల హెచ్చరికలు విన్న ప్రభుత్వం తన మాట తానే వెనక్కి తీసుకుని నిషేధం తెచ్చింది. కంపెనీ కోర్టుకెళ్లి, తమ వాదన సరిగా వినలేదని దాన్ని కొట్టేయించింది. ప్రభుత్వం పద్ధతి సరిదిద్దుకుని 1992లో మళ్లీ నిషేధించింది. అలవాటు ఊరూరా పాకకముందే తలుపు మూసింది. దానివల్ల ఎన్ని నోళ్లు కాపాడబడ్డాయో లెక్క కట్టలేం కానీ, సరైన పని అదే.

మన దగ్గర గుట్కా ఊరూరా పాకాకే నిషేధం వచ్చింది. ఆహారంలో పొగాకు, నికోటిన్ కలపరాదన్న నిబంధన 2011లో అమల్లోకొస్తే, మధ్యప్రదేశ్ 2012లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2013లో గుట్కాను నిషేధించాయి. వెంటనే జంట ప్యాకెట్లు దిగాయి: ఒకదాంట్లో పాన్ మసాలా, ఇంకోదాంట్లో పొగాకు. కలుపుకునే పని కొన్నవాడిదే. 2016-17 జాతీయ సర్వే నాటికి పెద్దల్లో 21.4 శాతం, అంటే దాదాపు 20 కోట్ల మంది పొగరాని పొగాకు వాడుతున్నారు. పైగా ఆహార భద్రత చట్టం కింద కమిషనర్ ఇచ్చే నిషేధం ఒక్క ఏడాదికే చెల్లుతుంది. ఏటా కొత్త ఉత్తర్వు కావాలి.

ఈ ఒక్క ఏడాది పరిమితిని తీసేసి, జంట ప్యాకెట్లనూ కలిపి శాశ్వత నిషేధం తేవాలి. పాన్ మసాలా పేర్లతోనే యాలకులకు సినిమా హీరోలు చేసే ప్రకటనలనూ ఆపాలి. ఇప్పుడు ఆకు లేకుండా నికోటిన్ మాత్రమే నింపిన పొట్లాలు వచ్చాయి. అమెరికా 2025 జనవరిలో అలాంటి ‘జిన్’ బ్రాండ్ పొట్లాల్లో కొన్ని రకాలకు అమ్మకపు అనుమతి కూడా ఇచ్చింది. అవి మన కిళ్లీకొట్లకు చేరకముందే ప్రభుత్వం నిర్ణయం తీసుకోవాలి.